కల్వర్టు మూలని ఎవరూ అడగరు

ఎడిటర్ గారికి నమస్కారం.

రోడ్డు కింద కల్వర్టు కుంగిందని వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: నాసిరకం సిమెంటు వాడారని ఆరోపణ. 31 ఏళ్లు ఇలాంటి కట్టడాల డ్రాయింగులు వేసి, ఇతరులు వేసినవి సరిచూసి రిటైరైనవాణ్ణి. సిమెంటు తప్పు ఎప్పుడూ ఉండదని అనను. కానీ నేను దగ్గరుండి చూసిన దెబ్బల్లో చాలావాటికి కారణం వేరే రెండు చోట్ల దొరికింది. ఒకటి పైస్లాబూ గోడా కలిసే మూల. రెండోది గోడ పక్కన పోసిన మట్టి. వీటి గురించి మీ విలేకరి ఎవరైనా అడిగినట్టు నేనింతవరకూ చదవలేదు.

నాలుగువైపులా కాంక్రీటుతో పెట్టెలా కట్టే బాక్స్ కల్వర్టులో పైస్లాబు అంటే గోడల మీద బోర్లించిన మూత కాదు. మట్టి బరువుకి స్లాబు నడుమ కిందికి దిగుతుంటే దాని కొసలు తిరగబోతాయి, గోడలు తిరగనివ్వవు. ఆ పెనుగులాటంతా మూలలోనే. అక్కడ సాగేది మట్టివైపు ముఖం. సాగుడుకి కాంక్రీటు ఓర్చుకోలేదు కాబట్టి గోడ బయటి వరస కడ్డీ పైకి వచ్చి, మూలలో ఒంపు తిరిగి, స్లాబు పైవరసలోకి చాలినంత దూరం పోవాలి. ఆ ఒంపు లేకపోతే స్లాబు ఉత్తినే ఆనించిన పలక అవుతుంది. గోడా స్లాబూ ఒకే మందం ఉన్న చదరపు పెట్టెని తీసుకుని, పక్క ఒత్తిడి పైబరువులో సగం అనుకుని లెక్క వేయండి. మూల బిగువుగా ఉన్నప్పుడు స్లాబు నడుమ వచ్చే బెండింగ్ మూమెంట్, అంటే స్లాబుని వంచే ప్రభావం, ఎంతో, బిగువు పోయాక దానికి రెట్టింపు వస్తుంది. నడుమ వేసిన ఇనుము మాత్రం పాత లెక్కకే వేసి ఉంటుంది.

ఒకసారి కాంక్రీటు పోతకి ముందురోజు సాయంత్రం సైటుకి వెళ్లాను. డ్రాయింగు ప్రకారం 16 మిల్లీమీటర్ల కడ్డీ మూల దాటి 900 మిల్లీమీటర్లు స్లాబులోకి పోవాలి. అక్కడ గోడ కడ్డీలు జానెడు పైకి తేలి ఆగిపోయాయి, వాటి పక్కనుంచి స్లాబు కడ్డీలు తిన్నగా పరిచేశారు. రాడ్ బెండింగ్ మేస్త్రీ మంచి పనిమంతుడు. "స్లాబు గోడమీదే కదా సార్ కూర్చునేది, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. రెండు కడ్డీ ముక్కల్ని మూలమట్టంగా పెట్టి బైండింగ్ వైరుతో కట్టించి, కొసలు రెండూ దగ్గరికి నొక్కమన్నాను. చేతిలోనే ముడుచుకుపోయింది. తర్వాత అదే ఆకారంలో వంచిన ఒకే కడ్డీ ఇచ్చాను. ఎంత నొక్కినా ముడవలేదు. ఆయన ఇంకేం మాట్లాడలేదు, కుర్రాళ్లని పిలిచి కడ్డీల జల్లెడ విప్పించడం మొదలుపెట్టాడు. పోత మూడు రోజులు ఆగింది. కాంట్రాక్టరుకి నామీద కోపం చాలాకాలం పోలేదు. అతనికి కలిగిన ఇబ్బంది నాకు తెలుసు, అయినా ఆ మూడు రోజుల గురించి నాకే విచారమూ లేదు.

మూలలో వేసే ఏటవాలు మందం, అదే హాంచ్, ఉంది కదా అంటారు కొందరు. మంచిదే, కానీ వంచిన కడ్డీ చేసే పని అది చేయలేదు.

ఇక మట్టి. 1913లో అమెరికాలో అయోవా కళాశాల ఆచార్యుడు ఆన్సన్ మార్స్టన్ సహచరుడితో కలిసి కాలువ తవ్వి పూడ్చిన పైపులపై పడే బరువుకి సిద్ధాంతం ప్రకటించాడు. తవ్విన గోడల రాపిడి కొంత బరువుని ఆపుతుందని, పైపుకి అంతమేర తగ్గుతుందని చూపించాడు. గట్టు కింద కట్టిన కల్వర్టుకి ఇది తలకిందులవుతుంది. పక్కల మట్టి ఎక్కువ కుంగుతుంది, కాంక్రీటు కుంగదు. కుంగే మట్టి తన బరువులో కొంత కల్వర్టు నెత్తినే వేస్తుంది. అందుకే అమెరికా వంతెనల ప్రమాణం ఆష్టో, గట్టు కింది బాక్స్ కల్వర్టుపై మట్టి బరువుని ఒక గుణకంతో పెంచమంటుంది. పక్క మట్టి బాగా దట్టిస్తే ఆ గుణకం 1.15 దాటనక్కర్లేదు, దట్టించకపోతే 1.40 దాకా పోతుంది. నాలుగు మీటర్ల వెడల్పు పెట్టె మీద ఎనిమిది మీటర్ల మట్టి ఉందనుకోండి. ఘనపు మీటరుకి 1.8 టన్నుల లెక్కన చదరపు మీటరుకి 14.4 టన్నులు. దట్టిస్తే 16.6, వదిలేస్తే 20.2. చదరపు మీటరుకి మూడున్నర టన్నుల పైచిలుకు తేడా, కేవలం దిమ్మిస కొట్టారా లేదా అన్న దానిమీద! సిమెంటు ఎంత మేలైనదైనా ఈ తేడాని పూడ్చదు.

దట్టించడంలోనూ పద్ధతుంది. రెండు పక్కలా పలచటి పొరలుగా, సరిసమానంగా లేవాలి. ఒక పక్క నిలువెత్తు పోసి రెండో పక్క ఖాళీగా ఉంచితే పెట్టె మొత్తం ఒకవైపుకి ఒరగజూస్తుంది. డ్రాయింగు వేసినవాడు తలవని భారం మళ్లీ ఆ మూలల మీదే పడుతుంది. కల్వర్టు అప్పుడే కూలదు కూడా. మట్టివైపు పగులు పుట్టి, మట్టి కప్పేశాక ఎవరికీ కనపడకుండా ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత తేమకి కడ్డీ తుప్పు పట్టాకే లోపలివైపు ఏదో తెలుస్తుంది.

ముందే పోసి తెచ్చిన ముక్కల కల్వర్టుల గురించి ఒక్క మాట. వాటి అతుకుల్లోంచి నీళ్లు కారడం కంటే ఆ నీళ్లతో ఇసుక రావడం ప్రమాదం. ఇసుక పోయినచోట పైన రోడ్డు గుల్లవుతుంది.

కాంక్రీటు బలం తేల్చే క్యూబుల పరీక్ష కాగితాలు ప్రతి ఫైల్లో ఉంటాయి. పోతకి ముందు ప్రతి మూల కడ్డీల ఫొటో, పక్కన టేపు పెట్టి తీసినది, అదే ఫైల్లో ఉండాలని నా కోరిక. పొరపొరకీ మట్టి దట్టించిన తేదీ, పరీక్ష ఫలితమూ ఉండాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు. ఈసారి కల్వర్టు కుంగిందని వార్త రాసే ముందు ఈ రెండూ చూపించమని మీ విలేకరుల చేత అడిగించండి. లేవంటే, లేవన్న మాటే అచ్చువేయండి.

— ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు