ఆడపిల్లల పౌచ్‌ల చందా: జమా ఖర్చుల వివరణ

మన ఊరి హైస్కూల్లో ఏడు నుంచి పది దాకా చదివే ఆడపిల్లలకి నెలసరి సామాను పెట్టుకునే పౌచ్‌లు కుట్టించి ఇవ్వడానికి చందాలు వసూలు చేసిన సంగతి మీకు తెలిసిందే. పని అయిపోయింది. లెక్క పంచాయతీ ఆఫీసు దగ్గర మైకులో చదివి వినిపించాం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం, దూరాన ఉండి డబ్బు పంపినవాళ్ల కోసం అదే లెక్క ఇక్కడ రాసి పెడుతున్నాం. అంకెలన్నీ రూపాయల్లో.

జమ:
1998-99 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు: 20,000
డ్వాక్రా సంఘాలు 14, ఒక్కో సంఘం 500 చొప్పున: 7,000
హైదరాబాద్‌లో, అమెరికాలో ఉంటున్న మన ఊరివాళ్లు: 8,500
పేరు చెప్పొద్దన్న దాత: 5,000
కిరాణా కొట్టు దగ్గర పెట్టిన డబ్బా తెరిస్తే వచ్చింది: 1,340
మొత్తం జమ: 41,840

ఇస్తామని రాయించి ఇంకా ఇవ్వనిది మరో 3,000 ఉంది. చేతికి రాలేదు కాబట్టి పైన కలపలేదు. ఆ పేర్లు కూడా చదవమని కొందరు పట్టుబట్టారు. చదవలేదు, చదవం.

ఇక ఖర్చు. ముందుగా పౌచ్‌లవి, ఎందుకంటే మీటింగులో ఎక్కువమంది అడిగింది వీటి గురించే. మొత్తం 140 కుట్టించాం. 126 పిల్లలకి, 8 టీచరమ్మలకీ ఆయమ్మకీ, 6 బళ్లో అవసరానికి. పైగుడ్డకి పెడన కలంకారీ 22 మీటర్లు, మీటరు 120 చొప్పున 2,640. పక్కనే అంత మంచి గుడ్డ దొరుకుతుంటే ఇంకెక్కడికో వెళ్లడం ఎందుకని అక్కడే కొన్నాం. రంగు పిల్లలే ఎంచుకున్నారు. లేత రంగు ఒక్కరూ అడగలేదు, అందరూ ముదురు మెరూన్, నలుపే. కారణం ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, అందుకే ముందే తడిపి ఆరేసి తర్వాత కత్తిరించారు. లోపలికి రెయిన్‌కోట్ గుడ్డ 26 మీటర్లు, 80 చొప్పున 2,080. లైనింగు పైగుడ్డ కన్నా ఎక్కువెందుకు పట్టిందని ఒకాయన అడిగారు. లోపల రెండు అరలున్నాయి కాబట్టి. ఒక అరలో కొత్త పాడ్లు, మారు లోదుస్తు. రెండోది తడిసినదాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి. ఆ రెండో అర తడి బయటికి రానివ్వకూడదు, పౌచ్ మొత్తానికి ప్రాణం అదే. జిప్పులు 980, టిచ్ బటన్లు 280, దారాలూ సూదులూ కలిపి 420. కుట్టుకూలి ఒక్కోదానికి 30 చొప్పున 4,200, మన ఊరి ముగ్గురు దర్జీ ఆడవాళ్లకే ఇచ్చాం. వాళ్లు వద్దన్నా ఇచ్చాం. సేవ పేరు చెప్పి కూలి ఎగ్గొట్టడం ఈ కమిటీకి ఇష్టం లేదు.

పేర్ల కుట్టుకి 3,350. దీని మీదే పెద్ద చర్చ జరిగింది, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. 134 పౌచ్‌ల మీద ఎవరి పేరు వాళ్లకి కుట్టించాం, ఒక్కోదానికి 25. బళ్లో ఉంచే ఆరింటికీ పేరు అక్కర్లేదు. మొదట టౌన్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో అడిగాం. నమూనాకి కుట్టిచ్చిన ‘లక్ష్మి’లో వత్తులు విడిపోయి అక్షరాలు తలో దిక్కుకి పోయాయి. ఇంగ్లిష్‌లో అయితే చక్కగా వస్తుందండీ అన్నాడు. మాకు తెలుగే కావాలి. దాంతో మగ్గం వర్క్ చేసే మన అమ్మాయిలకి అప్పగించాం, గొలుసుకుట్టుతో తీరుగా కుట్టారు. కొందరు పిల్లలు పూర్తి పేరొద్దు, ముద్దుపేరు చాలన్నారు. కొందరు నెమలి ఈక, ఒకమ్మాయి క్రికెట్ బ్యాటు అడిగింది. కుట్టించాం. బస్సులో పడిపోతే పేరు అందరూ చదువుతారని భయపడినవాళ్లకి మూత లోపలి వైపు కుట్టారు.

పేర్లు లేకుండా ఇస్తే పోయేది కదా, ఆ డబ్బుకి రూపాయి పాడ్లు 3,350 వచ్చేవి అని ఒకాయన లెక్కగట్టి చెప్పారు. లెక్క కరెక్టే. కానీ మన పిల్లల ఇబ్బంది పాడ్లు దొరక్కపోవడం ఒక్కటే కాదు. 2021 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ పథకం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ బళ్లలో ఏడు నుంచి ఇంటర్ దాకా నెలకి పది నాప్‌కిన్లు ఇచ్చేలా పెట్టారు. వాటిని ఇంట్లో అటక మీద దాచి, బడికి ఒట్టి చేతుల్తో వచ్చే పిల్లల్ని మన టీచరమ్మలు చూశారు. ఎందుకు తేలేదంటే పుస్తకాల సంచిలో పెడితే మగపిల్లలు చూస్తారని. బడి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. పాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. అంటే బళ్లో ఒక్కసారైనా మార్చుకోక తప్పదు. మార్చుకునే వీలు లేనివాళ్లు మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇంటికి వెళ్లి ఇక రారు, లేదా అసలు ఆ రోజులే మానేస్తారు. పేరున్న పౌచ్ అయితే పెన్సిల్ బాక్సు పక్కనే పెట్టుకుంటున్నారు. ఇదేమిటని ఎవరైనా అడిగితే నాదీ అంటున్నారు. మా దృష్టిలో ఆ 3,350 దండగ కాదు.

పౌచ్‌ల లెక్క ఇక్కడితో 13,950, ఒక్కోటి వందలోపే పడింది.

లోపల పెట్టినవి: జన్ ఔషధి కేంద్రంలో సువిధ పాడ్లు 600, ఒక్కోటి రూపాయి, 600. పౌచ్‌కి నాలుగు పెట్టగా మిగిలిన 40 బళ్లో ఉన్నాయి. ఆ బిల్లులో జీఎస్టీ గడి ఎందుకు ఖాళీగా ఉందని, దొంగ బిల్లేమోనని ఒకరు అనుమానపడ్డారు. 2018 జులైలో శానిటరీ పాడ్ల మీద పన్ను తీసేశారు, అంతకుముందు 12 శాతం ఉండేది. మిగతా బిల్లుల్లో జీఎస్టీ ఉంది, చూసుకోవచ్చు.

లోదుస్తులు 126, ఒక్కోటి 65 చొప్పున 8,190. వస్తువుల్లో పెద్ద ఖర్చు ఇదే. సైజులు అడగడం ఎలాగా అని టెన్షన్ పడ్డాం. పీఈటీ మేడం తేల్చేశారు. పేరు లేకుండా రోల్ నంబరూ సైజూ రాసిన చీటీ మడిచి డబ్బాలో వెయ్యమన్నారు. ఆ చీటీలు ఆమె తప్ప ఇంకెవరూ చూడలేదు, అందుకే ఈ ఒక్క బిల్లుకి వివరాల జాబితా జత చేయలేదు. తేదీలు గుర్తు పెట్టుకునే చిన్న క్యాలెండరు కార్డులు 150, ఆరు రూపాయల చొప్పున 900. వాడిన పాడ్ చుట్టి పడేసే కాగితం కవర్లకి ఖర్చు లేదు, పాత పేపర్లతో పిల్లలే చేసుకున్నారు.

బాత్రూముల ఖర్చు చందా అడిగినప్పుడు చెప్పిన దాంట్లో లేదు. కమిటీ తీర్మానం చేసి పెట్టింది. నమూనా పౌచ్ చూపించినప్పుడు ఒక ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: బాత్రూములో దీన్ని ఎక్కడ పెట్టాలండీ, కింద అంతా తడేగా? వెళ్లి చూస్తే కొక్కెం సంగతి అటుంచండి, రెండు తలుపులకి గడియలే లేవు. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడుతోంది. గడియలు, కుళాయి రిపేరు, ప్లంబరు కూలి కలిపి 2,300. కొక్కేలు ఆరు, 210. పౌచ్‌లకి చివర గుడ్డ రింగు కుట్టింది ఈ కొక్కేల కోసమే. కాలితో తొక్కితే తెరుచుకునే మూత బుట్టలు మూడు, 1,950. బకెట్లు, మగ్గులు 540. వాడిన పాడ్లు కాల్చే మెషీన్ కొందామని సలహా వచ్చింది. కొని పెట్టడం తేలిక, చెడిపోతే బాగుచేసే మనిషి ఇక్కడ దొరకడు. వద్దనుకున్నాం.

పంపిణీ మే 28న, నెలసరి పరిశుభ్రత దినం నాడు చేస్తే బావుండేదని దూరం నుంచి ఫోన్లు వచ్చాయి. అప్పుడు మనకి వేసవి సెలవులు, బడే లేదు. జూన్ 12న తెరిచాక, నెలాఖర్లో పంచాం. ఆ రోజు పీహెచ్‌సీ నుంచి ఏఎన్‌ఎం వచ్చి రక్తం పరీక్ష చేశారు, దానికి ఖర్చు లేదు. హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తక్కువున్న పిల్లల సంగతి వాళ్ల అమ్మలకే చెప్పారు. ఎంతమందని మీటింగులో అడిగారు గానీ, అది డబ్బు లెక్క కాదు. వేరుశనగ చిక్కీలకి 1,260. సైన్స్ సారు మగపిల్లలకి వేరే గదిలో కౌమార దశ పాఠం చెప్పారు. చిక్కీలు వాళ్లకి కూడా ఇస్తే బావుండేదని ఆయన అన్నారు, నిజమే. పెడన, బందరు రానుపోను బస్సు, ఆటో ఖర్చులు 1,150. ఫ్లెక్సీకి, శాలువాలకి, దండలకి సున్నా.

మొత్తం ఖర్చు 31,050. మొత్తం జమ 41,840. నిల్వ 10,790. ఇందులో 9,600 బ్యాంకులో ఇద్దరి సంతకాల మీద తీసే ఖాతాలో, 1,190 చేతిలో ఉంది.

ఈ నిల్వ వచ్చే జూన్‌లో ఏడులోకి వచ్చే పిల్లల పౌచ్‌లకి, బళ్లో ఉంచిన ఆరు పౌచ్‌లు ఖాళీ అయినప్పుడల్లా నింపడానికి. ఆ ఆరూ ఆయమ్మ దగ్గర ఉంటాయి. స్టాఫ్ రూములో పెడదామన్నారు గానీ, అక్కడ సార్లు ఉంటారని పిల్లలు వెళ్లరు. ఎవరు తీసుకున్నారో రాసే పుస్తకం పెట్టలేదు, పెట్టొద్దని ఆయమ్మే అంది.

చందా రసీదు పుస్తకాలు, బిల్లుల ఫైలు హైస్కూల్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. బడి వేళల్లో ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. రసీదు ఉండి ఇక్కడి లెక్కలో తేడా కనిపిస్తే ఆగస్టు 15లోపు కమిటీకి చెప్పండి. ఆ తర్వాత ఫైలు స్కూలు కమిటీకి అప్పగిస్తాం.