విమానం కట్టే పిల్లలకు ముందు బెజ్జం వేయడం నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన సంగతి రాసి మంచి పని చేశారు. ఇంజిన్ గురించి, అనుమతుల గురించి వివరంగా ఉంది. బెజ్జాల గురించి ఒక్క ముక్క లేదు. రేకు విమానంలో వేల బెజ్జాలుంటాయి, కట్టేవాడి సమయం ఎక్కువగా తినేది ఆ పనే.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మధ్య మా మనవడు చదివే ఇంజినీరింగ్ కాలేజీలో పిల్లలు చిన్న విమానానికి రెక్క తయారు చేస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. కంప్యూటర్లో గీసిన డ్రాయింగ్ చాలా బాగుంది. స్పార్‌కు, అంటే రెక్క లోపల బరువు మోసే ప్రధాన దూలానికి, వేసిన బోల్టు హోల్స్ చూసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. కొన్ని పక్కకు వాలాయి, కొన్ని కోడిగుడ్డులా సాగాయి. పిల్లలనేం అనను. చేతి డ్రిల్లు నిటారుగా పట్టడం వాళ్ళకు ఎవరూ చూపించలేదు.

25 మిల్లీమీటర్ల మందంలో డ్రిల్లు ఒక్క డిగ్రీ వాలితే అవతలి వైపు బెజ్జం దాదాపు 0.44 మిల్లీమీటరు పక్కకు తేలుతుంది. అంతే కదా అనిపిస్తుంది. రేకులను కలిపి బిగించే లోహపు మేకునే రివెట్ అంటాం. 1/8 అంగుళం రివెట్‌కు వేసే 30వ నంబరు డ్రిల్ బిట్ 0.1285 అంగుళాలు, అంటే రివెట్ కంటే ఎక్కువ ఇచ్చే సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. బెజ్జం సాగితే బోల్టు బిగువు పోయి ఆడుతుంది, బరువంతా ఒక అంచు మీద పడుతుంది. పగులు మొదలయ్యేది అక్కడే. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. అక్కడ తప్పు డ్రిల్లింగ్‌ది కాదు, రేకుల అతుకులో జిగురు వదిలి భారం రివెట్ల మీద పడింది. అయినా పగుళ్ళు పుట్టింది రివెట్ బెజ్జాల దగ్గరే.

నిటారుగా వేయడానికి ఖరీదైన మిషన్లు అక్కర్లేదు. మెరిసే అల్యూమినియం రేకు మీద బిట్ ఆనించి రేకులో దాని ప్రతిబింబం చూడండి. బిట్, ప్రతిబింబం కలిసి ఒకే గీతలా కనిపిస్తే నిటారుగా ఉన్నట్టు, మధ్యలో విరిగినట్టు ఉంటే వాలినట్టు. ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడాలి. మెరుపు లేని చోట చిన్న అద్దం ముక్క పెడితే సరి. మందమైన భాగాలకు ఈ చిట్కా చాలదు. డ్రిల్ ప్రెస్ (స్టాండుకు బిగించిన డ్రిల్లు) మీద నిటారుగా బెజ్జం వేసిన ఇనుప దిమ్మను గైడ్‌గా బిగించి, అందులోంచే బిట్ దించాలి. స్పార్ బోల్టులకు కాస్త చిన్న బెజ్జం వేసి, రీమర్‌తో (బెజ్జాన్ని లోపల సన్నగా గీకి సరిచేసే పనిముట్టు) సైజుకు తేవాలి. రీమర్‌ను ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు. బిట్ మొద్దుబారితే మనం బలంగా తోస్తాం, తోస్తే అది పక్కకు నడుస్తుంది. మొద్దు బిట్‌తో పని లాగించడమంత చెడ్డ అలవాటు వర్క్‌షాపులో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి. రేకులు క్లీకోలతో (బెజ్జాల్లో పెట్టి తాత్కాలికంగా బిగించే పిన్నులు) కలిపి పట్టి డ్రిల్ చేశాక, విడదీసి బర్, అంటే బెజ్జం అంచున లేచిన పదునైన ముక్కలు, తీసేయాలి. పెద్ద సైజు బిట్‌ను వేళ్ళతో ఒకటి రెండు సార్లు తిప్పితే చాలు.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల కాలేజీలకు నా విన్నపం ఒకటే. రెక్క మొదలుపెట్టే ముందు పిల్లల చేత పాత రేకుల మీద వారం రోజులు బెజ్జాలు వేయించండి. వేసినవి మధ్యకు కోసి, ఎంత వాలాయో వాళ్ళనే కొలవమనండి. దగ్గర్లోని ఐటీఐ ఫిట్టర్ మాస్టార్లను పిలవండి, వాళ్ళు సంతోషంగా వస్తారు. ఏ కాలేజీ వాళ్ళయినా పత్రిక ఆఫీసు ద్వారా కబురు చేస్తే, శనివారాల్లో నేనే వచ్చి చూపిస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు. కొత్త బిట్లు మాత్రం తెప్పించి ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్,
బైరాగిపట్టెడ, తిరుపతి.