డాక్టర్ దగ్గరికి పోయేముందు

హన్మకొండ

చిన్నీ,

ఆరు ప్రశ్నల కాగితంల నాలుగు నీకు సరిపోయినయని, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురు లేని సమస్య, ఖాయమని నువ్వే తేల్చుకున్నవు. ఆగమాగం గాకు బిడ్డా. ఆ ప్రశ్నలు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తయారైనవే, మంచివే. కానీ అవి ఎవరిని ఇంకా లోతుగ చూడాల్నో చెప్తయి, రోగం ఉన్నదని తేల్చవు.

నేను లెక్కల టీచర్‌ను గదా, లెక్కతోనే చెప్త. పెద్దోళ్లల్ల ఇది ఉన్నోళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో. 100 మందికి ఆ కాగితం ఇచ్చినమనుకో. ఉన్న 3 గుర్ని అది పట్టుకున్నది. లేని 97 మందిల పదింటికొకరి లెక్కన పొరపాటు పడ్డదనుకున్నా ఇంకో 10 మంది తేల్తరు. అంటే 'ఉన్నది' అని వచ్చిన 13 మందిల నిజంగ ఉన్నది 3 గురికే. అయితే నువ్వు దారిన పోయే నూరు మందిల ఒకదానివి కాదు, పని చెడి డాక్టర్ దాకా పోయినదానివి. నీ విషయంల లెక్క మొదలయ్యేదే పెద్ద అంకెతోని. దాన్ని ఇంకా పెంచేది, తగ్గించేది నీ చిన్నతనం.

మానసిక సమస్యల్ని తేల్చేటందుకు డాక్టర్లు వాడే పుస్తకం, 2013ల వచ్చిన డీఎస్‌ఎం-5 ప్రకారం కొన్ని లక్షణాలు 12 ఏండ్ల లోపే కనపడాలె, ఒక్క ఆఫీసుల్నే కాదు, రెండు చోట్లన్నా. డాక్టరమ్మ నన్ను అడగమన్నది అందుకే. ఇప్పుడు నాకు గుర్తొచ్చేటివాటిని నేను అంతగ నమ్మ. నువ్వు అడిగినంక ప్రతిదీ అట్లనే కనిపిస్తది. అప్పుడు రాసిపెట్టినయే గట్టివి. నీ ప్రోగ్రెస్ కార్డులు బీరువాల ఉన్నయి. మూడో తరగతి నుంచి వేరేవేరే టీచర్లు రాసింది ఒక్కటే: తెలివి ఉన్నది, ధ్యాస లేదు. అల్లరి చెయ్యని ఆడపిల్లవని ఎవ్వరూ పట్టించుకోలే. గంటలకొద్దీ కదలకుండ బొమ్మలేసేదానివని మీ పెద్దమ్మ అంటది. ఇష్టమైనదాని మీద అట్ల కూసునుడు ఇది ఉన్నోళ్లకూ ఉంటది, దాన్ని చూసి లేదనుకోవద్దు.

ఇంకోటి కూడా చెప్పు. రెండేండ్ల నుంచి నైట్ షిఫ్టులు, సరిగ్గ నిద్ర లేదు. నాకు థైరాయిడ్ ఉన్నది, నువ్వూ పరీక్ష చేయించుకో. మనసు బాగలేకపోయినా ధ్యాస ఇట్లనే చెదురుతది. మీ నాయిన కూడా ఒక పని సగంల ఇడిచిపెట్టి ఇంకోటి పట్టుకుంటడు. ఇది వంశంల నడిచేది, ఆ మాట దాచకు.

శనివారం పొద్దుగాల కాజీపేటల బండి ఎక్కుత, కార్డులన్నీ తెస్త. అపాయింట్‌మెంట్ ఎన్ని గంటలకో ఫోన్ చెయ్యి.

మీ అమ్మ