నందూకి, ఆ పసుపు లైట్ల సంగతి

విజయవాడ

చిరంజీవి నందూకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం. కార్తీక సోమవారమని మీ అమ్మ తెల్లవారుజామున 4 గంటలకే దుర్గాఘాట్‌కి వెళ్లొచ్చింది, ఇప్పుడు తుమ్ముతూ కూర్చుంది. నువ్వు నాటిన కరివేపాకు మళ్లీ చిగురేసింది. రాంబాబు మావయ్య నిన్న వచ్చాడు.

మొన్న హైదరాబాద్‌లో నీ కారెక్కితే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్, స్టెబిలిటీ అంటూ బ్రేకులకి సంబంధించిన మూడు పసుపు లైట్లు వెలుగుతున్నాయని, ‘నాన్నకి చెప్పొద్దు, టెన్షన్ పడతాడు’ అన్నావని చెప్పాడు. మావయ్యని ఏమీ అనకు. పది రోజులుగా ఫోన్ ఎత్తకుండా ‘మీటింగ్‌లో ఉన్నా’ అని మెసేజ్ పెడుతుంటే ఆఫీసు పనే అనుకున్నాను.

చలి మొదలైంది, నీ స్వెటర్లు ఇక్కడే ఉన్నాయి, పంపిస్తాను. అన్నట్టు, ఆ పసుపు లైట్లతో పాటు ఎర్ర లైటు ఏమైనా ఉందా? ఎర్ర లైటు ఉన్నా, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా ఆ కారు తీయకు. టోయింగ్ వాళ్లను పిలువు. పసుపు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. కానీ చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉండదు కాబట్టి గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. బండి జారితే పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ ఉండదు, కంగారులో తొక్కినప్పుడు పూర్తి ఒత్తిడి అందించే బ్రేక్ అసిస్ట్ కూడా ఉండకపోవచ్చు.

మీ బాబాయి కారు గుర్తుందా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ బాగుచేయించాడు, సీట్లు ఆరబెట్టాడు, సంక్రాంతి దాకా బాగానే తిరిగింది. తర్వాత ఒకరోజు నీకు వెలిగినట్టే మూడు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళితే, చూడకుండానే ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలి, 45 వేలు అన్నారు. బాబాయి డబ్బు కట్టబోతుంటే నేనే ఆపాను. ముందు కారు కంప్యూటర్‌లో లోపం చెప్పే కోడ్లు స్కాన్ చేయమన్నాను. అందులోనూ ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చిన్న స్కానర్ కాదు, ఏబీఎస్ కోడ్లు చదివేది కావాలని పట్టుబట్టాను. మరో షెడ్డులో పెట్టి చూస్తే వెనక ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ అని వచ్చింది. చక్రం విప్పి కనెక్టర్ ఊడదీశాం. పిన్నుల మీద ఇత్తడి గిన్నెకి పట్టినట్టు పచ్చగా చిలుం! స్ప్రే కొట్టి శుభ్రం చేసి, ఆరబెట్టి, మళ్లీ తగిలించాం. కాస్త దూరం నడిపేసరికి మూడూ ఆరిపోయాయి. ఒక చక్రం వేగం లెక్క తప్పితే ఏబీఎస్, స్టెబిలిటీ రెండూ కంప్యూటర్ ఆపేస్తుందమ్మా. రెండూ ఆ సెన్సర్ల మీదే నడుస్తాయి.

నీ కారు వరదలో మునగలేదు, నిజమే. కానీ దసరాకి టైర్లు మార్పించి అలైన్‌మెంట్ చేయించావు. నాలుగూ ఒకే సైజేనా? స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్ సరిచేశారా? అడుగు. నువ్వు వారానికి ఒక్కసారే బండి తీస్తావు, బ్యాటరీ వోల్టేజ్ పడిపోయినా ఈ లైట్లు వెలుగుతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గితే ఊరికే పోసి మూత పెట్టేయకు, లీకైందా, ప్యాడ్లు అరిగాయా చూపించు. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించాలి. నువ్వు కొన్నాక మార్పించావా? ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పాను!

ఇంతసేపూ క్లాసు పీకాను, తెలుసు. తిండి వేళకి తింటున్నావా? అమ్మ గోంగూర పచ్చడి కట్టింది, మావయ్య వచ్చే వారం తెస్తాడు. సంక్రాంతికి మాత్రం కారులో రావద్దు, బస్సెక్కు. తెల్లవారుజామున కోదాడ, నందిగామ దగ్గర మంచు పడుతుంది, ముందు లారీ ఆగిందో నడుస్తోందో తెలియదు. లైట్లు ఆరాక అయితే నీ ఇష్టం.

ఈ రాత్రి ఒక్క పని చెయ్యి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు వెనక భాగం గోడకి దగ్గరగా ఆపి, బ్రేక్ తొక్కి అద్దంలో చూడు. గోడ మీద ఎర్రటి వెలుగు రెండు పక్కలా పడాలి. ఏ పక్కా పడకపోతే, లేదా కాలు తీసినా ఆరకపోతే, పెడల్ దగ్గరి స్విచ్ పోయి ఉండొచ్చు. దానికీ ఈ లైట్లన్నీ వెలగొచ్చు, మార్చడం చిన్న పనే. డ్యాష్‌బోర్డు ఫోటో కూడా పంపు. 11 గంటల దాకా మెలకువగానే ఉంటాను.

మీ నాన్న