ఆ రాత్రి ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే

అమ్మా,

శనివారం సంగతి ఫోన్‌లో చెప్పబోతే నీ ఏడుపు, నాన్నగారి కోపం, నా మాట సగంలోనే ఆగిపోయింది. అందుకే రాస్తున్నాను, తమ్ముడు చదివి వినిపిస్తాడు.

నాకేం కాలేదు, ముందు అది విను. లా పాల్మా దీవిలో కొండ మీద టెలిస్కోపుల దగ్గర పని బాగానే అయింది. తిరుగు విమానం సాయంత్రం 4:30కి, అంటే మనకి రాత్రి 9. అరగంట ప్రయాణమే, దిగగానే చేస్తానన్నాను కదా. ఎక్కబోయే ముందు విమానంలో ఏదో పాడైందన్నారు, ఇంకో గంట, ఇంకో గంట అంటూ కూర్చోబెట్టి, చివరికి మేముండే టెనెరిఫే దీవిలో తలుపు తీసేసరికి 9:10 అయింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు, చార్జరేమో ముందే లోపలికి పంపేసిన పెట్టెలో ఉండిపోయింది. పక్కవాళ్ళ ఫోన్ అడిగి ఇండియాకి చెయ్యడానికి మొహమాటపడ్డాను, అదే నేను చేసిన తప్పు. నువ్వు రెండింటిదాకా అరుగు మీదే కూర్చున్నావని తమ్ముడు చెప్పినప్పటి నుంచీ నాకు అన్నం సయించట్లేదు.

మర్నాడు తెలిసింది. యూరప్‌లో 2004 నాటి 261వ నంబరు చట్టం ఒకటుంది, ఈ దీవులు స్పెయిన్‌వి కాబట్టి ఇక్కడా వర్తిస్తుంది. ఇలాంటి దగ్గర దూరం విమానం రెండు గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్ళతో పాటు రెండు ఫోన్ కాల్స్ విమానం కంపెనీవాళ్ళే ఉచితంగా ఇవ్వాలి. రెండు ఫోన్ కాల్స్ అమ్మా! ఒక్కటి చాలేది కదా నీకు. ఈ హక్కులన్నీ రాసిన కాగితం కూడా మా చేతికి ఇవ్వాలట. మాకు మాత్రం తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చి ఊరుకున్నారు.

నాన్నగారూ, పరాయి దేశంలో గొడవలెందుకు, వదిలెయ్యమన్నారు. గొడవ కాదండీ. మూడు గంటలు దాటి చేరితే 250 యూరోలు ఇవ్వాలని 2009లో యూరప్ కోర్టే తీర్పిచ్చింది, మన లెక్కలో 20,000 పైనే. అడిగితే వాతావరణం బాలేదని జవాబిచ్చారు. ఆకాశం అద్దంలా ఉంది, విమానం పాడైందని మైకులో చెప్పింది వాళ్ళే. టైముతో సహా రాసుకున్నాను, బోర్డింగ్ పాస్ దాచాను, మళ్ళీ రాస్తాను. నిజంగా పొగమంచో, ఎడారి దుమ్మో వస్తే నేనూ అడగను. 2020 ఫిబ్రవరిలో ఆ దుమ్ముకి ఇక్కడి విమానాశ్రయాలే మూసేశారు, అప్పుడు డబ్బు రాదు, తిండి మాత్రం పెట్టాల్సిందే. సఖినేటిపల్లి రేవులో మీరు అన్నమాటే కదా ఇది, గోదారి పోటు మీదుంటే పంటు ఆపడం వాడి ధర్మం, ఇంజను చెడితే డబ్బులు వెనక్కివ్వడమూ వాడి ధర్మమేనని.

అమ్మా, విమానం మానేసి ఓడలో వెళ్ళమన్నావు. ఆ ఓడ దిగేది టెనెరిఫే దక్షిణం కొసన, మేముండే లా లగూనా ఉత్తరాన. ఇక పొగమంచు ఉంటే విమానాన్ని దిగనివ్వరు, ఆపేస్తారు, ఆ ఆలస్యానికి నువ్వు భయపడక్కర్లేదు.

లా పాల్మాలో ఎటు చూసినా అరటి తోటలే, వాలు మీద నుంచి సముద్రం దాకా. బస్సులో కళ్ళు మూసి తెరిస్తే రావులపాలెం దాటుతున్నట్టే అనిపించింది. పళ్ళు చిన్నవి, తొక్క మీద నల్ల మచ్చలు, తియ్యగానే ఉన్నాయి కానీ చక్కెరకేళి వాసన లేదు. అయినా రెండు డజన్లు మోసుకొచ్చాను.

లంక పొలంలో గెలలు కోశారా? ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నాన్నగారిని పొలానికి వెళ్ళనివ్వకు, గెలలు పోతే పోనీ. అమ్మమ్మని అమలాపురం పిన్ని దగ్గరికి పంపెయ్యి.

చార్జర్ ఇక చేతి సంచిలోనే ఉంటుంది. వచ్చే నెల 12న మళ్ళీ వెళ్తున్నాను, ఆలస్యమైతే అక్కడి కౌంటర్ నుంచే చేస్తాను, తెలియని నంబరు కదా అని తమ్ముడు కట్ చెయ్యకుండా చూడు.

నీ అమ్మాయి