బిర్యానీ పందెం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా మోకాలి నొప్పి, రెండో పేజీ అంతా ఆడవాళ్ల ఉచిత బస్సు. "రాసిపెట్టుకో, ఏడాదిలో బెజవాడ ఆటోవాళ్లంతా బళ్లు అమ్ముకుంటారు" అన్నావు. రాసిపెట్టుకున్నాను, క్యాలెండర్ వెనక.

నవ్వకు. నీకు బాకీపడ్డ బిర్యానీ నేర్పిన అలవాటిది. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో నోట్ల రద్దు వార్త చూసి నీకు ఫోన్ చేశా, గుర్తుందా? "కనీసం మూడు లక్షల కోట్లు బ్యాంకులకి తిరిగి రావు, మూటలు కట్టి కృష్ణలో పడేస్తారు" అన్నా. అన్నీ వస్తాయన్నావు నువ్వు. ఆ వారమే మా అమ్మ కందిపప్పు డబ్బా అడుగు నుంచి ఐదొందల నోట్లు తీసింది. నాన్నకి కూడా తెలియవవి. పప్పు పొడి అంటుకుని పచ్చగా ఉన్నాయి. వాటితో గవర్నర్‌పేటలో బ్యాంకు ముందు రెండు పూటలు నిలబడ్డా. నా ముందు కుర్రాడు తన ఆధార్ జిరాక్స్‌తో షాపు ఓనరు నోట్లు మారుస్తున్నాడు, రోజూ వస్తున్నాడట. అక్కడే నాకు వెలగాలి. వెలగలా! వేలికి సిరా పూయడం మొదలుపెట్టినా, "చూశావా, ఇక దొంగలు దొరుకుతారు" అన్నాను. చివరికి 2018లో రిజర్వ్ బ్యాంకు లెక్క చెప్పింది: 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు వచ్చేశాయి.

అప్పుడు నెగ్గావు కదా, అందుకే నీకిప్పుడు ఈ ధీమా.

మా బాబాయి సంగతి తెలుసుగా. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు "సారా ఆపేదెవడు" అన్నాడు. 1993లో ఆగింది. 1995లో మద్యం మొత్తం నిషేధిస్తే "నిలవదు" అన్నాడు, 1997లో ఎత్తేశారు. ఇన్నేళ్లుగా రెండోదే చెప్తాడు. మొదటిది ఎత్తితే ఆయనకి చెవుడొస్తుంది.

సరే, బస్సు. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు సీట్ల కోసం జుట్లు పట్టుకుంటారనుకున్నా. రద్దీ నిజమే. కానీ మా పక్కింటి పిన్నిగారి సంగతి నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గుంటూరులో కూతురింటికి నెలకోసారి వెళ్లే మనిషి ఇప్పుడు వారానికి రెండుసార్లు జీరో టికెట్ పుచ్చుకుని, కూర క్యారేజీతో సహా వెళ్తోంది. అల్లుడు కాస్త కంగారుపడుతున్నాడని వినికిడి.

మా వీధి చివర స్టాండులో ఆటో అతన్నీ అడిగా. బెంజ్ సర్కిల్ బేరాలు పడిపోయాయట, బస్టాపు నుంచి సందుల్లోకి కాస్త పెరిగాయట, మొత్తమ్మీద నష్టమేనట. అక్టోబరులో ప్రభుత్వం ఇచ్చిన 15,000 ఫైనాన్స్ కంతులకే పోయిందట. "మరి బండి అమ్మేస్తావా?" అన్నా. "అమ్మి ఏం తోలమంటారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకని "అంతా" అనకు, అంకె చెప్పు. ఆ స్టాండులో 14 బళ్లున్నాయి. వచ్చే సంక్రాంతికి ఎన్ని ఉంటాయో వేసి పంపు. నేను 11 అని చీటీ రాసి కందిపప్పు డబ్బా అడుగున పెట్టా. నేను ఓడితే పాత బాకీతో కలిపి రెండు బిర్యానీలు. మోకాలికి కాపడం పెట్టుకో.

నీ
సుబ్బు