జోయెల్ చనిపోతాడని నీకు ముందే తెలుసు

చిట్టితల్లీ,

మేమిద్దరం క్షేమం. మీ అమ్మ ఆవకాయ పని ముగించి జాడీకి వాసెన కట్టింది. నీ వాటా వేరే సీసాలో పెట్టింది. నువ్వు ఆడిన వీడియో గేమ్ ఆధారంగా తీసిన టీవీ ధారావాహిక 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో సీజన్ కూడా నిన్నటితో అయిపోయింది. చూడగానే నీకు ఫోను చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. ఫోనులో అయితే "పర్వాలేదులే నాన్నా" అని నవ్వి మాట మార్చేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఏప్రిల్ 21వ తేదీ సోమవారం సంగతి చెప్పాలి. గుడ్ ఫ్రైడే సెలవుకు వచ్చినదానివి, ఆదివారం రాత్రి రైలు ఎక్కవలసింది, ఎక్కలేదు. మీ అమ్మ అడిగితే "ఒక సెలవు మిగిలింది, వాడేసుకుంటున్నా" అన్నావు. పొద్దున్నే నువ్వే టీవీ పెట్టి రెండో ఎపిసోడ్ తీశావు. మేము సోఫాలో కూర్చున్నాం. నువ్వు మాత్రం గోడవారన ఉన్న పేము కుర్చీలో, మా వైపు తిరిగి కూర్చున్నావు. అక్కడినుంచి తెర సగం కూడా కనబడదు. కాళ్లు పైకి పెట్టుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఉన్నావు. పరీక్ష ఫలితాల రోజు కూర్చున్నట్టే ఉందని ఒక్క క్షణం అనిపించింది. అంతలో మంచు తుపాను మొదలైంది, ఇక కథలో పడిపోయాను.

ఆ తరువాత జరిగింది నీకు తెలుసు. కథానాయకుడు జోయెల్ ఆ అమ్మాయిని, ఆబీని, శిలీంధ్రం సోకి మందలా మీద పడుతున్న రోగగ్రస్తుల నుంచి కాపాడతాడు. కాపాడి ఆమె వెంటే ఆ ఇంటికి వెళతాడు. ఆమె అతణ్ణి గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. అతను కూతురిలా చూసుకునే ఎల్లీని నేలకు అదిమిపట్టి ఆ దృశ్యం చూపిస్తారు. లే, లే అని ఆ పిల్ల బతిమాలుతూ ఉంటుంది. మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనేం చేశానో నాకు గుర్తు లేదు. తల తిప్పేసరికి నువ్వు నన్నే చూస్తున్నావు. నీ కళ్లలో నీళ్లున్నాయి గానీ ఆశ్చర్యం లేదు. లేచి వచ్చి, ఏమీ అనకుండా నా పక్కన కూర్చుని నా చేయి పట్టుకున్నావు.

అప్పుడు అర్థమైంది. నీకు ఇది ఐదేళ్లుగా తెలుసు. ఆట రెండో భాగం 2020 జూన్ 19న వచ్చింది. ఆ రోజు నుంచీ ఈ చావును మనసులో పెట్టుకుని, 2023 కనుమ రోజు నాకు మొదటి ఎపిసోడ్ చూపించావు. వారం వారం నేను జోయెల్‌ను ఇష్టపడుతూ ఉంటే ఫోనులో "ఊఁ" కొడుతూ విన్నావు. "వీడు మన మనిషే" అని నేను అన్నప్పుడు నీకు ఎలా ఉండి ఉంటుంది? నువ్వు ఆ సోమవారం ఉండిపోయింది సెలవు మిగిలినందుకు కాదు.

లోకంలో నీలాంటివాళ్లు ఎందరో ఉన్నారని తరువాత తెలిసింది. ఆట ఆడినవాళ్లు తమ తల్లిదండ్రుల పక్కన, స్నేహితుల పక్కన కూర్చుని, తెరను వదిలి వాళ్ల ముఖాలు చూస్తూ తీసిన వీడియోలు నాలుగైదు చూశాను. ప్రతి దానిలో ఒకరు తెలియక నవ్వుతూ ఉంటారు, పక్కన ఒకరు ఊపిరి బిగబట్టి ఉంటారు. నాకు చూసేవాళ్ల ఏడుపు కంటే పక్కన కూర్చున్నవాళ్ల మౌనమే ఎక్కువ నచ్చింది. రహస్యం దాచడం కష్టమైన పని కాదు. మన మనిషికి దుఃఖం రాబోతోందని తెలిసి, దాన్ని ఆపకుండా, అతని దుఃఖం అతనికి దక్కేలా ఆగడం కష్టం. అది నువ్వు రెండేళ్లకు పైగా చేశావు.

ఇప్పుడు నేను చెప్పవలసింది చెబుతాను. ఆ 2020 జూన్‌లో నువ్వు ఇంట్లోనే ఉన్నావు. కరోనా రోజులు, పగలంతా ఆఫీసు పని, రాత్రంతా ఆట. మొదటి జీతంతో కొనుక్కున్న ప్లేస్టేషన్ అది. ఒక రాత్రి రెండు గంటలకు మంచినీళ్లకు లేచి చూస్తే చీకట్లో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నావు. నేను భయపడి, తీరా తెర మీద బొమ్మలు కనబడేసరికి కోపం వచ్చి, ప్లగ్ పీకేశాను. "బయట మనుషులు నిజంగా పోతుంటే నీకు బొమ్మ కోసం ఏడుపా" అన్నాను. నువ్వు ఒక్క మాట అనలేదు. మర్నాడు కళ్లు ఉబ్బి ఉంటే నిద్రలేక అన్నావు, నేను సరే అన్నాను. నువ్వు ఆ రాత్రి చూసిందే నేను ఐదేళ్ల తరువాత మీ అమ్మ పక్కన కూర్చుని, నీ చేయి పట్టుకుని చూశాను. నువ్వు ఒంటరిగా చూశావు. చూశాక నా మాట కూడా పడ్డావు. క్షమించు తల్లీ.

నాకు ఆటలంటే తెలిసింది తక్కువ. గురి చూసి కాల్చడం, మార్కులు రావడం, అంతే అనుకున్నాను. కనుమ నాడు నేను సోఫాలో కూర్చోవడానికి కూడా కారణం కథ కాదు, బూజు. 1968 నాటి టీవీ చర్చ సన్నివేశంలో శాస్త్రవేత్త శిలీంధ్రాల గురించి మాట్లాడుతుంటే, ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, కాళ్లు ఆగిపోయాయి. కథలో మనుషులకు సోకేది చీమకు పట్టే శిలీంధ్రం; అది నిజంగానే ఉంది. అది పట్టిన చీమ తన పుట్ట వదిలి, చిన్న మొక్క ఎక్కి, ఆకు ఈనెను కరిచి పట్టుకుని అక్కడే చస్తుంది. కొన్నాళ్లకు తలలోంచి కాడ మొలిచి బీజాలు రాలుస్తుంది. మనిషిని పట్టకపోవడానికి ఒక పెద్ద కారణం మన ఒంటి వేడి. 37 డిగ్రీల దగ్గర చాలా శిలీంధ్రాలు బతకలేవు. భూమి కాస్త వేడెక్కితే అవీ వేడికి అలవాటు పడవా అని కథ అడుగుతుంది. మంచి ప్రశ్న. నా పాత విద్యార్థులకు చెప్పాలనిపించింది.

ఆ తరువాత జోయెల్ కూతురు సారా చనిపోయింది, నేను శిలీంధ్రాన్ని మరిచిపోయాను. తండ్రి పుట్టినరోజుకు అతని గడియారం బాగు చేయించి ఇచ్చిన పిల్ల అదే రాత్రి అతని చేతుల్లో పోతుంది. ఇరవై ఏళ్ల తరువాత కూడా అతను ఆ ఆగిపోయిన గడియారమే పెట్టుకుని తిరుగుతాడు. నువ్వు అప్పుడు ఒక మాట అన్నావు: "నాన్నా, ఆటలో మొదట మనమే సారా. ఆ ఇంట్లో చీకట్లో నాన్నను వెతుక్కుంటూ తిరిగేది మన చేతులే." ఆ మాట నాలో ఎంత లోతుకు దిగిందో ఆ రోజు నీకు చెప్పలేదు. నువ్వు పదహారేళ్ల వయసులో స్నేహితురాలి ఇంట్లో మొదటిసారి ఈ ఆట ఆడావట. 2013లో. అంటే నాన్న చేతుల్లో ప్రాణం వదిలే కూతురిగా ఆ కథలోకి అడుగుపెట్టావు. ఇంటికి వచ్చాక ఆ వారమంతా సాయంత్రాలు నా చుట్టూ తిరగడం నాకు గుర్తుంది. స్కూటరు మీద ఎక్కడికి వెళ్లినా వెంట వస్తానన్నావు. ఎందుకో నాకు తెలియదు, అడగలేదు.

మూడో ఎపిసోడ్ గురించి మీ అమ్మ మాట రాయాలి. బిల్, ఫ్రాంక్ కథ. ఇద్దరు మగవాళ్ల ప్రేమ అనగానే మొదట నేను కొంచెం ఇబ్బందిగానే కదిలాను, నిజం చెప్పాలి. మీ అమ్మ కదలలేదు. ఫ్రాంక్ ఒక చిన్న తుపాకీ ఇచ్చి స్ట్రాబెర్రీ విత్తనాలు తెచ్చి, పండించి తినిపిస్తే ఆ మొరటు మనిషి బిల్ చిన్నపిల్లాడిలా కిలకిల నవ్వుతాడు చూడు, అక్కడ మీ అమ్మ అంది, "పెళ్లయిన ఏడాదికి మీరు తాటి ముంజెలు తెచ్చినప్పుడు నేను ఇలాగే నవ్వాను, మీకు గుర్తుండదు." నాకు గుర్తుంది. ఆ ఎపిసోడ్‌కు కోపంతో అతి తక్కువ మార్కులు వేసినవాళ్లు చాలామంది ఉన్నారని నువ్వు చెప్పావు. వాళ్లు ఆ స్ట్రాబెర్రీల దగ్గర ఏం చూశారో నాకు అంతుపట్టదు. ఒకరి కోసం ఒకరు వండుకుని, గొడవపడి, ముసలివాళ్లై, జబ్బులో సేవ చేసుకున్న ఇద్దరు మనుషులు. ఇంతకంటే సంసారం అంటే ఏమిటి?

ఆటలో ఇదంతా లేదట. అక్కడ బిల్ ఒంటరి చేదు మనిషి. ఫ్రాంక్ అతన్ని అసహ్యించుకుంటూ ఉత్తరం రాసి ఉరి వేసుకుని ఉంటాడట. మార్చినందుకు ఆట ఆడినవాళ్లకు కోపం రావాలి కదా అని నేను అడిగితే, చివరి దృశ్యం మళ్లీ చూడమన్నావు. తెరిచి ఉన్న కిటికీ. ఆట పెట్టగానే మొదట కనబడేది అలాంటి కిటికీయేనట. అది చూడగానే నీకు గొంతు పూడుకుపోయిందని ఫోనులో చెప్పావు. నాకు అది ఉత్త కిటికీ, నీకు పదేళ్ల జ్ఞాపకం. ఈ ధారావాహిక తీసిన క్రెయిగ్ మేజిన్ పక్కన ఆట రాసిన నీల్ డ్రక్‌మన్ కూర్చోబట్టే ఇలాంటివి కుదిరాయని నా అభిప్రాయం. ఆటలో ఎల్లీకి ప్రాణం పోసిన ఆష్లీ జాన్సన్‌కు ఎల్లీ తల్లి పాత్ర ఇచ్చి, ఆమె చేతుల్లో పసిపాపగా ఎల్లీని పెట్టడం చూడు. నాలాంటివాడికి అది ఒక ప్రసవ దృశ్యం. నువ్వు అక్కడ పది నిమిషాలు మాట్లాడలేకపోయావు.

ఇక ఆసుపత్రి. ఆ శిలీంధ్రం సోకినా ఎల్లీకి ఏమీ కాదు, అందుకే మందు కోసం ఆమె మెదడు కోస్తారని తెలిసి జోయెల్ అందరినీ కాల్చుకుంటూ వెళ్లి పిల్లను ఎత్తుకొస్తాడు. తరువాత ఆమెకు అబద్ధం చెబుతాడు. నేనైనా అదే చేస్తానని అన్నాను, ఒక్క క్షణం ఆలోచించకుండా. ఇప్పటికీ అంటాను. నువ్వు చెప్పింది వేరు. "నాన్నా, మీరు జోయెల్ కాల్చడం చూశారు. నేను కాల్చాను." డాక్టరు చిన్న కత్తి పట్టుకుని అడ్డం నిలబడతాడట. నొక్కకపోతే కథ కదలదట. నువ్వు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నావట, ఆట కూడా నీ కోసం ఊరుకుందట. చివరికి నొక్కావు. ఏడేళ్ల తరువాత రెండో భాగంలో ఆ డాక్టరు కూతురే ఆబీ అని బయటపడుతుంది. అదీ సగం ఆట అయ్యాక, ఆబీగా నీ చేతే ఆడిస్తూ! టీవీలో మాకు ఆ సంగతి ముందే చెప్పేశారు. మేము ఆబీ కోపాన్ని తెలుసుకుని జోయెల్ చావును చూశాం. నువ్వు ఏమీ తెలియకుండా చూశావు. ఆ రాత్రి నీ ఏడుపులో జోయెల్ పోయిన బాధ ఒక్కటే ఉందనుకున్నాను. కాదు కదూ?

ఆట ఆడిన కొందరు ఆబీ పాత్రకు గొంతు ఇచ్చిన లారా బెయిలీని చంపుతామని బెదిరించారని చదివి చాలాసేపు బాధపడ్డాను. గయ్యాళి అత్త వేషాల వల్ల సూర్యకాంతం పేరును ఆడపిల్లలకు పెట్టడమే మానేశారని మా అమ్మ చెప్పేది. కానీ ఎదురుపడితే ఆమెకు దండం పెట్టేవారు కూడా. ప్రేమ ఎక్కువై కోపం రావడం నాకు అర్థమవుతుంది, నాకూ వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి ఇంటికి పంపాలో తెలియకపోవడం వేరే జబ్బు.

నన్ను అన్నిటికంటే కదిపింది మాత్రం రెండో సీజన్ ఆరో ఎపిసోడ్. మొదట్లోనే, జోయెల్ చిన్నప్పుడు, వాళ్ల నాన్న అతనితో మాట్లాడతాడు. తన తండ్రి తనను ఎంత దారుణంగా కొట్టాడో చెప్పి, తాను అంతకంటే కాస్త మెరుగ్గా ఉన్నానని, నీ వంతు వచ్చినప్పుడు నువ్వు ఇంకాస్త మెరుగ్గా ఉండమని అంటాడు. జోయెల్ పెద్దయ్యాక అదే మాట ఎల్లీకి చెబుతాడు. మీ తాతయ్య బెల్టు తీసేవారు. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను నీ మీద చేయి ఎత్తకూడదని నువ్వు పుట్టిన రోజే అనుకున్నాను, ఎత్తలేదు. ఆ లెక్కలో నేను గెలిచాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ప్లగ్ లెక్కలోకి రాలేదు.

మూడో సీజన్ కూడా వస్తుందట. ముందేం జరుగుతుందో నీకు తెలుసు, నాకు చెప్పకు. ఈసారి కూడా ఆ పేము కుర్చీలోనే కూర్చో.

ఒక్కటి అడుగుతాను. ఈసారి వచ్చేటప్పుడు ఆ ప్లేస్టేషన్ పట్టుకురా. ఆట మొత్తం ఆడే ఓపిక నాకు లేదు, వేళ్లు కూడా సహకరించవు. జిరాఫీల దగ్గరికి మాత్రం తీసుకెళ్లు. టీవీలో నిజమైన జిరాఫీనే పెట్టారు, బాగుంది, కానీ నిమిషంలో అయిపోయింది. ఆటలో అలా కాదన్నావు. జిరాఫీని నిమిరాక, గుంపు చెట్ల మధ్య నడుస్తూ ఉంటే జోయెల్, ఎల్లీ ఇద్దరూ పిట్టగోడకు ఆనుకుని చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చన్నావు, మనం కదిలితేనే కథ కదులుతుందన్నావు. ఆ తరువాత వచ్చేది ఆసుపత్రి. ఇప్పుడు నాకూ తెలుసు కదా. నన్ను అక్కడ నిలబెట్టి, కంట్రోలర్ నా చేతికి ఇచ్చి, నువ్వు పక్కన కూర్చో. ఎప్పుడు కదలాలో నేను చెబుతాను.

ఆశీస్సులతో,
నాన్న